పాయింట్స్‌మన్ ఇంటి కత్తిపీట

నేను ఒక కత్తిపీటను. కొన్ని ఊళ్లలో ఈలపీట అంటారు, ఆ పేరుతో పిలిచినా పలుకుతాను. ప్రస్తుతం నంద్యాలలో ఒక మూడో అంతస్తు ఇంట్లో, సింకు కింద, గ్యాస్ సిలిండరుకూ ఫినాయిల్ సీసాకూ మధ్య పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాను. ఈ ఇంటి ఇల్లాలు నీలావతి కూరగాయలన్నీ గట్టు దగ్గర నిలబడి చాకుతోనే తరుగుతుంది. మనుషులు వంటింట్లో కింద కూర్చోవడం మానేసినప్పటి నుంచి మా జాతికి సెలవులు ఎక్కువయ్యాయి. పనసకాయో, ముదురు గుమ్మడికాయో ఇంటికి వచ్చిన రోజున మాత్రం నేను గుర్తొస్తాను. అప్పుడు నన్ను బయటికి లాగి, దుమ్ము దులిపి, పదును పోలేదని ఆశ్చర్యపోయి, పని అయ్యాక మళ్లీ సింకు కిందికి తోస్తారు. నాకేం కోపం లేదు. కోపం ఉన్నా చూపించుకోవడానికి అక్కడ చోటు లేదు.

నేను చెప్పదలుచుకున్నది నీలావతి తల్లి సంగతి. ఆమె పేరు సుంకులమ్మ. ఇప్పుడు లేదు. నా పీట మీద ఎడమ కాలి పక్కన కాస్త గుంటగా అరిగి ఉంటుంది చూడండి, అది ఆమె పాదం ఆనుకున్న చోటు. ఆమెకు జీవితంలో పెద్ద కోరికలు లేవు. నగలు అడగలేదు, మేడ అడగలేదు. తన చేత్తో గింజ పెట్టిన పాదుకు కాసిన కాయ, తన చేత్తో వండి, తన ఇంటివాళ్లకు కడుపునిండా పెట్టాలన్నది ఒక్కటే ఆమె కోరిక. ఇదీ ఒక కోరికేనా అని మీకు అనిపిస్తే, మీ పెరట్లో మీ చెట్లు మీరు ఉన్నంతకాలం మీవేనన్నమాట. రైలు క్వార్టర్లలో కాపురం చేసినవాళ్లకు అలా కాదు.

నా కత్తి అంతకు ముందు ఒక లారీకి కమాన్‌పట్టీగా, అంటే చక్రాల పైన కుదుపు మోసే ఇనుప పట్టీగా, ఉండేది. నాపరాళ్లు మోసే లారీ అది. ఎన్నో గుంతల్లో పడి లేచి, చివరికి ఒక గుంతలో విరిగింది. ఆ ముక్కను మౌనాచారి అనే కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో సాగగొట్టి, వంపు తిప్పి, నూనెలో చల్లార్చి, తుమ్మ చెక్క పీటలో బిగించాడు. పేరుకు మౌనాచారి గానీ నన్ను తయారు చేసినంతసేపూ ఆయన నోరు మూతపడలేదు. ఊళ్లో ప్రతి ఇంటి గుట్టూ నేను పుట్టకముందే విన్నాను.

సంతలో నన్ను కొన్నది సుంకులమ్మ తల్లి. కూతురు కాపురానికి పోతోంది, ఏదో ఒకటి పెట్టాలి. ఆమె పెద్దరైతుల కూరగాయల తోటల్లో కూలికి కాయలు కోసేది. పొద్దంతా గంపలు గంపలు వంకాయలు, బెండకాయలు కోసి బండ్లకెత్తేది. సాయంత్రం ఇంటికి తెచ్చుకునేది మాత్రం తోటయజమాని పక్కన పడేసిన పుచ్చులు. పుచ్చు భాగం కోసి పారేసి, మిగిలిన ముక్క పులుసులో వేసి పిల్లలకు పెట్టేది. పుచ్చులేని వంకాయ ఎలా ఉంటుందో సుంకులమ్మకు చిన్నప్పుడు చేతికి తెలుసు, నోటికి తెలియదు. ఆమె కోరిక ఎక్కడ మొలిచిందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆమె భర్త మద్దిలేటి రైల్వేలో పాయింట్స్‌మన్. బండి ఏ పట్టాల మీదికి పోవాలో ఆ పట్టాలు మార్చడం, పచ్చజెండా ఎర్రజెండా చూపించడం ఆయన పని. చిన్న పట్టాల లైను అది, మీటర్‌గేజీ. వాళ్లు కాపురం పెట్టిన మొదటి స్టేషను పేరు చెప్పినా మీకు తెలియదు, ఆ పేరు ఇప్పుడు ఏ టైంటేబుల్లోనూ లేదు. ఒక గది, ఒక వంటిల్లు, వెనకాల గోడ దాకా ఖాళీ స్థలం. సుంకులమ్మ సామాను దించకుండానే ఆ ఖాళీ స్థలంలోకి పోయి నిలబడింది. ఆ ముఖంలో వెలుగు నేను గోనెసంచిలోంచి చూశాను.

అది స్థలమే గానీ నేల కాదు. తవ్వితే కంకర, ఇంకా తవ్వితే ఇంజను బొగ్గు నుసి. ఆమె గునపంతో తవ్వి, కంకర ఏరి గోడ పక్కన పోసి, బొగ్గు నుసి జల్లెడ పట్టింది. మద్దిలేటి ఏదో ఎద్దులబండి వాడిని బతిమాలి చెరువు మట్టి తోలించాడు. ఇంజన్లకు నీళ్లు పట్టే గొట్టం ఎప్పుడూ కారుతూ ఉండేది, ఆ కారే నీళ్లే పాదులకు. నేల దారికి వచ్చేసరికి మూడేళ్లు పట్టింది, ఈలోగా నీలావతి పుట్టి మాటలు నేర్చింది. ఆ ఏటి తొలకరికి చిక్కుడు గింజలు పెట్టింది. అవి మొలిచి, తీగ సాగి, వంటింటి చూరు పట్టుకుని పైకెక్కాయి. ఆమె ఉదయం లేచి ముందు చిక్కుడు దగ్గరికి పోయి, తరువాత మొగుడికి టీ పెట్టేది. మద్దిలేటి ఈ వరసకు అలవాటు పడిపోయాడు. చలి మొదలయ్యేసరికి తీగంతా ఊదారంగు పూత. అప్పుడే బదిలీ వచ్చింది.

స్టేషన్ మాస్టరు పిలిచి చెప్పాడని మద్దిలేటి ఇంటికొచ్చి నసుగుతూ చెప్పాడు. సుంకులమ్మ లేచి సామాను మూటలు కట్టింది. అన్నీ కట్టాక నన్ను రెండు చేతులతో ఎత్తుకుని వెనక్కి పోయింది. చిక్కుడు తీగ మొదలు దగ్గర బొటనవేలంత లావుంటుంది. నాకు అదొక పనే కాదు. తను నాటింది ఎవరో వచ్చి తింటారు గదా, తిననీయకూడదు. ఆమె పళ్లు బిగించిన చప్పుడు నాకు వినిపించింది.

ఇక్కడ మీకు మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. కాయని చెట్టును మావాళ్లు బెదిరిస్తారు. ఒకరు కత్తి పట్టుకుని చెట్టు ముందు నిలబడి, కాయకపోతే నరికేస్తానని ఉరుముతారు. ఇంకొకరు చెట్టు తరఫున అడ్డుపడి బతిమాలతారు. బతిమాలినవాళ్ల మాట మన్నించి కత్తి దించాలి. దించకపోతే ఇంటికి మంచిది కాదంటారు. చెట్టు భయపడి మరుసటి కాపుకు కాస్తుందని నమ్మకం. చెట్టుకు భయముందో లేదో నాకు తెలియదు, ఇన్నేళ్లలో ఏ చెట్టూ నాతో మాట్లాడలేదు.

గోడకు అవతలి ఇల్లు గ్యాంగ్‌మన్‌ది. ఆయన భార్య హుసేన్‌బీ రొట్టెలు తట్టుకుంటూ గోడ మీదుగా చూసింది. పూత తప్ప ఒక్క పిందె కూడా లేని తీగ ముందు, కత్తిపీట ఎత్తి పట్టుకుని సుంకులమ్మ నిలబడి ఉంది. హుసేన్‌బీకి సంగతి చిటికెలో అర్థమైంది. అంటే, తప్పుగా అర్థమైంది. అయ్యో, బెదిరించేటప్పుడు బతిమాలే మనిషి లేదే అనుకుని, పిండి చేతులతోనే గోడ మీదికి వంగింది.

"వొద్దు సుంకులక్కా, వొద్దు. ఈ తూరికి ఇడ్సిపెట్టు. పసిది, దానికేం దెలుసు. కాస్తాది. కాయకుంటే నన్నడుగు, నేను జామీను" అంది, ఆ ఆచారంలో ఎట్లా అనాలో అట్లా, రాగం తీసి.

సుంకులమ్మ కొయ్యబారిపోయింది. ఇది బెదిరింపు కాదు, నిజంగానే నరకడానికి వచ్చానని ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది? హుసేన్‌బీ మాత్రం గోడ మీద అలాగే వంగి, అవతలివాళ్లు చెప్పాల్సిన మాట కోసం ఎదురు చూస్తోంది. చాలాసేపు చూసింది. పెనం మీద రొట్టె మాడిన వాసన కూడా వచ్చింది.

"సరేలే" అంది సుంకులమ్మ చివరికి. "నీ మొగం చూసి ఇడుస్తాండా."

"అట్లుండాల" అని హుసేన్‌బీ తృప్తిగా రొట్టె దగ్గరికి పోయింది. సుంకులమ్మ నన్ను దించి, తీగ పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ సాయంత్రమే గూడ్సు బండిలో మూటల మధ్య నేనూ ఎక్కాను.

కొత్త స్టేషన్లో కొద్ది వారాలు గడిచాక ప్యాసింజరు గార్డు దిగి, టీ తాగుతూ మద్దిలేటితో అన్నాడు. "మీ పాత క్వార్టర్లో చిక్కుడు ఇరగకాసిందంటప్పా. నీ తర్వాత వచ్చినాయన పెండ్లాం వీధంతా పంచిపెడతాండాదంట." ఆ మాట వంటింటి కిటికీలోంచి లోపలికొచ్చింది. ఆ పూట నా మీద పడిన బెండకాయలు ఏ జన్మలో ఏం పాపం చేశాయో గానీ, మూడు కూరలకు సరిపడా చిన్న ముక్కలయ్యాయి.

ఆ రెండో క్వార్టరు వెనక ఏముందో చెప్పలేదు కదూ. పందిరి నిండా పొట్లకాయలు. అంతకు ముందు ఉండిన పాయింట్స్‌మన్ భార్య పెట్టిన పాదు అది. కాయలు వంకర తిరగకుండా ఒక్కొక్క కాయ చివరా ఒక్కొక్క కంకరరాయి దారంతో కట్టి వేలాడదీసింది. రైలు పట్టాల కింద ఉండాల్సిన రాళ్లు పందిరికి వేలాడుతూ గాలికి ఊగుతున్నాయి. సుంకులమ్మ వాటి వైపు కన్నెత్తి చూడలేదు. అవి పరాయి పాదు కాయలు, తను ముట్టదు. మద్దిలేటి సంత నుంచి వాడిపోయిన కూరలు మోసుకొచ్చేవాడు. పందిరి కింద నుంచే మోసుకొచ్చేవాడు, నెత్తికి పొట్లకాయలు తగులుతూ.

"కాయలు ముదిరిపోతాండాయి మే" అని ఒకసారి అన్నాడు పాపం.

"ముదరనీ. నేనేమన్నా నాటినానా?"

అప్పటికి నీలావతి చిన్నపిల్ల. ఆ చలికాలంలో పిల్లకు జ్వరం వచ్చి, చాలా రోజులు పట్టి, ఒక పొద్దున విడిచింది. విడిచిందిగానీ పిల్ల ఏదీ నోట పెట్టడం లేదు. పెట్టిందల్లా కక్కుతోంది. రైల్వే డాక్టరు పొట్లకాయ లాంటిది మెత్తగా వండి పెట్టండి, తేలిగ్గా అరుగుతుంది అన్నాడు. సుంకులమ్మ వంటింట్లో నిలబడి కిటికీలోంచి పందిరిని చూసింది. ఆమె పౌరుషం ఎంతటిదో నాకు తెలుసు, అయినా పిల్ల ముందు అది ఎంతసేపు నిలుస్తుంది? పోయి లేతకాయ ఒకటి కోసుకొచ్చింది. దాని చివర కట్టిన రాయి విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక కిటికీలో పెట్టింది.

పొట్లకాయ నా మీద దిగితే మంచి చప్పుడవుతుంది. చక్రాల్లా తరిగి, లోపలి గుజ్జు తీసి, నానబెట్టిన పెసరపప్పు వేసి ఉడికించింది. దించే ముందు కాసిని పాలు పోసింది. పిల్ల రెండు ముద్దలు తినింది, మూడోది అడిగింది. సుంకులమ్మ ఆ మూడో ముద్ద కలుపుతూ, మొగుడి వైపు చూడకుండా అడిగింది.

"ఈ పాదు పెట్టినామె పేరేంది?"

మద్దిలేటికి తెలియదు. స్టేషన్లో ఎవరికీ తెలియదు. పాత పాయింట్స్‌మన్ పేరు అందరికీ తెలుసు, ఆయన భార్య పేరు ఎవరూ ఎప్పుడూ అడగలేదట. సుంకులమ్మ నిట్టూర్చింది. ఆ తరువాత పందిరి కిందికి పోయినప్పుడల్లా ఆ పేరు తెలియని మనిషితో సణిగేది. ఇంత దగ్గర దగ్గరగా గింజలు పెడతారా అని తిట్టేది, రాళ్లు మాత్రం బాగా కట్టినావమ్మా అని మెచ్చుకునేది. ఇద్దరికీ మంచి స్నేహం కుదిరింది.

అయినా కోరిక కోరికే. పరాయి చేతి కాయ పిల్లను కాపాడిందని తన చేతి కాయ మీద ఆశ పోదు గదా. ఆ తరువాత వరసగా బదిలీలు. ఒక చోట గుమ్మడి పిందెలు పిడికిలంత అయ్యాయో లేదో మూటలు కట్టాం. ఇంకో చోట మొలకలు రాగానే కట్టాం. ఒక చోట కోతులు. ఆ ఊరి గురించి మాట్లాడకపోవడమే మంచిది. ఎక్కడికి పోయినా ముందువాళ్లు పెట్టిన తోటకూరో, కాకరపాదో ఉండేది. సుంకులమ్మ అది వండి పెట్టేది, రుచిగానే వండేది, కానీ కంచంలో వడ్డించేటప్పుడు ఆ చేతిలో ఏదో వెలితి ఉండేది. అది నాకూ ఆమెకూ తెలుసు. తినేవాళ్లకు తెలియదు.

చివరికి ఎవరూ రావడానికి ఇష్టపడని స్టేషనొకటి దొరికింది. ఊరికి దూరం, చుట్టూ శనగ చేలు, రోజుకు పోయే బండ్లు తక్కువ. అక్కడికి వచ్చినవాళ్లంతా మూడో రోజు నుంచే బదిలీ కోసం తిరుగుతారట. సుంకులమ్మ ఆ మాట విని మొగుణ్ణి గట్టిగా అడిగింది.

"ఈడ ఎన్నాళ్లుంటాం?"

"ఉండుమన్నన్నాళ్లుంటాం. ఈడికి ఎవురొస్తారు మే మన పోటీకి?"

మరుసటి రోజే గునపం పట్టింది. నల్లరేగడి నేల, గింజ పడేస్తే చాలు. బీర, చిక్కుడు, కాకర, సొర, గోరుచిక్కుడు, మూలన మునగకొమ్మ, బావి దారి పొడవునా గోంగూర. ముందు బీర పాదు కాసింది. తొలి కాయ రోజూ తడిమి తడిమి, ఇంకొంచెం పెరగనీ అని ఆగి ఆగి, ఒక ఆదివారం పొద్దున కోసుకొచ్చింది. కాయ చేత్తో పట్టుకుని నా ముందు కూర్చుంది గానీ కోయడానికి చేయి రాలేదు. తరువాత చెక్కు తీసింది, చేదుందేమోనని చివర ముక్క నమిలి చూసింది. లేదు. తియ్యగా ఉంది.

ముక్కలు పెసరపప్పుతో కూర అయ్యాయి. చెక్కు పారేయలేదు, నూనెలో మగ్గబెట్టి, ఎండుమిరపకాయలూ చింతపండూ తెల్లగడ్డా వేసి రోట్లో నూరింది. వేడి వేడి జొన్నరొట్టెలు చేసింది. ఇంటిల్లిపాదీ అంటే ముగ్గురే. కూతురికి, మొగుడికి వడ్డించి, తను తినకుండా ఎదురుగా కూర్చుని వాళ్ల నోళ్లు చూస్తోంది. నీలావతికి అప్పటికి పదో తరగతి, తల్లి సంగతి తెలుసు, నవ్వు బిగబట్టుకుంది. మద్దిలేటి చెవి ఒకటి రాబోయే గూడ్సు మీద ఉంది. రొట్టె విరిచి, కూరలో ముంచి, నమిలి, బాగుందన్నట్టు తలాడించాడు.

"బాగుంది మే. సంతలో తెచ్చినావా?"

నీలావతికి పొలమారింది. సుంకులమ్మ మొగుడి ముఖం కాసేపు చూసింది. "అవు, సంతలోనే" అంది. "నీ మొగం సంత." మద్దిలేటికి అప్పుడు వెలిగింది. నాలుక కరుచుకుని, వెనక తలుపు లోంచి పాదు వైపు చూసి, ఇంకో రెండు రొట్టెలు పెట్టించుకున్నాడు. సుంకులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పచ్చట్లో కారం ఎక్కువైందని చెప్పింది. కారం ఏమీ ఎక్కువ కాలేదు, మిరపకాయలు తుంచేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. నా ఎరుకలో అంత సంతోషంగా ఉన్న మనిషిని మళ్లీ చూడలేదు.

ఆ తరువాతి ఏళ్లే నా బంగారు కాలం. పొద్దున్నే గోంగూర, మధ్యాహ్నం చిక్కుడు, సాయంత్రం మునక్కాయ. సొరకాయ లేతదైతే పాలు పోసిన కూర, ముదిరితే పులుసు. వేసవికి గోరుచిక్కుళ్లు ఉడకబెట్టి, ఉప్పు మజ్జిగలో నానేసి, మంచం మీద ఎండబెట్టి ఒరుగులు చేసేది. వానాకాలంలో వాటిని నూనెలో వేయిస్తే వాసనకు, పట్టాల వెంట నడుస్తూ వాటి బిగింపులు చూసుకునే కీ మ్యాన్ కూడా పని ఆపి మా కిటికీ దగ్గర బూటు దారం కట్టుకునేవాడు. ఎంతసేపు కట్టుకున్నా ఆయనకు ఒక్క ఒరుగు పెట్టేది కాదు. నిజం చెప్పాలి, ఆ విషయంలో సుంకులమ్మ పిసినారి. స్టేషన్ మాస్టరు భార్య గోడ దగ్గర నిలబడి, "చిక్కుడు బాగా కాసినట్టుందే" అంటే, "యాడమ్మా, అంతా పురుగే" అనేది. పందిరి చుట్టూ కంప కొట్టించింది. ఎన్ని క్వార్టర్లలో ఎంతమందికి కాయించి వదిలేసి వచ్చానో, ఈ ఒక్కటీ నా ఇంటివాళ్లదే అనేది. నాకూ అది న్యాయమే అనిపించేది.

నీలావతి పెళ్లయి నంద్యాల పోయింది. మూటలు మూటలుగా కూరలు ప్యాసింజరు బండిలో కూతురికి పోయేవి. ఇంట్లో ఇద్దరే మిగిలారు, పాదులు మాత్రం తగ్గలేదు. అప్పుడు వచ్చింది ఆ కబురు. చిన్న పట్టాలు పీకేసి పెద్ద పట్టాలు వేస్తారట. పెద్ద లైను ఇంకో దారిన పోతుందట. మద్దిలేటికి నంద్యాల బదిలీ.

సుంకులమ్మ ఈసారి ఏడవలేదు, పళ్లూ బిగించలేదు. అలవాటైన పనే. పందిరి వైపు చూస్తూ, "ఇప్పుడొచ్చే ఆమె మంచిదో కాదో" అంది. "నీళ్లు జాస్తి పోస్తే బీర కుళ్లిపోతాది. ఎవరికన్నా చెప్పి పోవాల."

"ఎవరూ రారు మే" అన్నాడు మద్దిలేటి.

"అంటే?"

"స్టేషనే ఉండదు. పట్టాలు పీకినాక ఈ ఇండ్లు గూడా పడగొడతారంట."

సుంకులమ్మ నా పీట మీద కాలు పెట్టుకుని కూర్చుని ఉంది. చేతిలో వంకాయ ఉంది. అది కోయలేదు. పందిరి మీద చిక్కుడు విరగకాసి ఉంది, బీరకాయలు వేలాడుతున్నాయి, సొరకాయ ఒకటి కంప మీద పడుకుని ఉంది. అంతా ఆమెదే. ఎవరూ వచ్చి తినరు, ఒక్క కాయ కూడా పరాయి నోట్లోకి పోదు. ఎన్నో ఏళ్లుగా అడిగింది దొరికింది. ఆమె ముఖంలో రక్తం లేదు. ఎన్నడూ లేనిది నాకు భయమేసింది.

"ఎవరూ తినరా?" అంది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. మద్దిలేటి జెండాలు తీసుకుని బయటికి పోయాడు.

చివరి బండి వచ్చే రోజు తెల్లవారుతూనే ఆమె కంప లాగి పారేసింది. గంపలు, చేటలు, నీళ్ల బకెట్లు, పాత చీరలు, ఇంట్లో ఏది దొరికితే అది నింపింది. చిక్కుళ్లు, బీరకాయలు, కాకరకాయలు, గోంగూర కట్టలు. పొడుగైన సొరకాయను నా మీద పెట్టి ముక్కలు చేసింది, ఒక్కరికే ఎందుకు పోవాలని. కీ మ్యాన్ బూటు దారం సంగతి మరచి గంపలు మోశాడు. స్టేషన్ మాస్టరు భార్యకు ఒడి నిండా చిక్కుళ్లు పోస్తే ఆమె నోరు తెరిచింది.

ఇంజనుకు పూలదండలు వేశారు, అరటి కొమ్మలు కట్టారు. చివరి ప్రయాణమని జనం కిక్కిరిసి ఉన్నారు, ఫొటోలు తీసుకుంటున్నారు. బండి ఆగగానే సుంకులమ్మ గంప నెత్తిన పెట్టుకుని, నన్ను సొరకాయ ముక్కల చేటలోనే మోసుకుంటూ కిటికీల వెంట నడిచింది. ఎవరి ఒడిలో పడితే వాళ్ల ఒడిలో పోయడం మొదలుపెట్టింది.

"ఎంతమ్మా కిలో?" అన్నాడు ఒకాయన.

"అమ్మేదానికి కాదు నాయినా. తినండి."

"ఊరికేనా?"

"ఊరికే. నేనే నాటినా."

మద్దిలేటి చేతిలో పచ్చజెండా ఉంది. గార్డు ఆయన వైపు చూస్తున్నాడు, ఆయన సుంకులమ్మ వైపు చూస్తున్నాడు. ఉద్యోగంలో ఎన్నడూ బండిని ఒక్క క్షణం ఆలస్యం చేయని మనిషి, ఆ రోజు గంపలన్నీ అయ్యేదాకా జెండా ఎత్తలేదు. గార్డు కూడా ఈల ఊదలేదు, ఆయన టోపీ నిండా కాకరకాయలు ఉన్నాయి.

చివరి గంప బీరకాయలు. ఒక కిటికీలో ఎర్రచీర కట్టుకున్న పడుచుపిల్ల వాటిని అందుకుంది. కొత్తగా పెళ్లయినట్టుంది. "ఇవి ఎట్ల జేస్తారు పెద్దమ్మా, నాకు రాదు" అంది. అప్పటికి జెండా లేచింది. బండి కదిలింది. సుంకులమ్మ ఆ కిటికీ పట్టుకుని పక్కనే నడుస్తూ చెప్పింది. "పెసరపప్పు నానేసుకో. ముక్కలకు నీళ్లు పోయొద్దు, వాటి నీళ్లే సాలు. చివర నమిలి చూడు, చేదుంటే ఏయొద్దు." బండి జోరందుకుంది, ఆమె కూడా అందుకుంది, ప్లాట్‌ఫారం చివరిదాకా. "పొట్టు పారేయొద్దు పాపా, నూనెలో మగ్గబెట్టి పచ్చడి నూరుకో." ప్లాట్‌ఫారం అయిపోయింది. ఆ పిల్ల చేయి ఊపుతోంది, విన్నదో లేదో తెలియదు.

ఇంటికి వచ్చేసరికి పెరడు బోసిగా ఉంది. పొయ్యి అంటించి, ఏం వండాలా అని చుట్టూ చూస్తే ఒక్క కాయ లేదు. తమకోసం ఒక్కటి కూడా దాచుకోవడం మరచిపోయింది. మద్దిలేటి నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. ఆ క్వార్టర్లో చివరిపూట నా మీద తెగింది ఒక్క ఉల్లిగడ్డ. రొట్టె, ఉల్లిగడ్డ, ఉప్పుకారం, ఇద్దరికీ అదే భోజనం. రెండు ముక్కలు తిన్నాక సుంకులమ్మ చేయి ఆపింది.

"ఆ ఎర్రచీర పిల్ల పొట్టు పారేస్తాదేమోయ్యా."

"పారేయదులే" అన్నాడు మద్దిలేటి. "నువ్వు తిను."

సుంకులమ్మ తినింది.